ఎడమకాలి మేజోడు

కనకవ్వకు అనుమానం తోబుట్టువులాంటిది. పాలు పోసే మనిషి మొహం చూడకముందే చెంబులో వేలు ముంచి చూసేది. ఎండ కాస్తే, వాన ఎక్కడో పొంచి ఉందనేది. నూలు సంగతైతే చెప్పనే అక్కర్లేదు. తాను వడికిన నూలును తానే నమ్మేది కాదు. పోగును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, పురి విప్పి, మళ్ళీ పెట్టి, చివరికి పళ్ళతో లాగి చూస్తే గాని ఆమె మనసు కుదుటపడేది కాదు. "అనుమానం పెనుభూతం అంటరు గదనే" అని పెద్దపల్లి పద్మశాలి వాడలో ఆడవాళ్ళు నవ్వితే, "భూతమే గాని, నా ఇంటికి కావలున్నది" అని జవాబిచ్చేది.

అలాంటి మనిషి ఇంట్లో కోడలు సక్కుబాయి మేజోళ్ళు అల్లడం మొదలుపెట్టింది.

ఆ ఇంట్లో ఎవరి కాళ్ళకూ చెప్పులు కూడా లేవు. కనకవ్వ భర్త లక్ష్మీరాజం పోయి ఆరేళ్ళయింది. కొడుకు ముత్యం కొన్నేళ్ళు తండ్రి గుంట మగ్గం మీదే కూర్చుని నేశాడు. నేత కూడు పెట్టకపోయేసరికి, పంతొమ్మిది వందల అరవైలో మగ్గం వదిలేసి మందమర్రి బొగ్గుబాయిలో పనికి కుదిరాడు. ఆ పోయేరోజు కనకవ్వ గడపకు అడ్డంగా కూర్చుంది. "భూమి కడుపుల దూరే పని మనకెందుకురా? నీకు కాలి గోరు ఊడినా సరే, ఆ కబురు నాకు చేరిన దినం నేను బాయిల దుంకుత. నా మాట యాదిల పెట్టుకో" అంది. అన్నంత పనీ చేసే మనిషని కొడుక్కు తెలుసు. తలూపి వెళ్ళిపోయాడు.

మరుసటి ఏడు చలికాలంలో ముత్యానికి చలిజ్వరమని, పెండ్లాన్ని పంపమని కబురొచ్చింది. సక్కుబాయి వెళ్ళి నలభై రోజులుండి తిరిగొచ్చింది. పోయేటప్పుడు బట్టల మూట తీసుకుపోయింది. వచ్చేటప్పుడు ఆ మూటలో రెండు సైకిల్ చువ్వలు తెచ్చింది. కొనలు రాతి మీద నున్నగా అరగదీసి ఉన్నాయి.

"గివేందే?" అంది కనకవ్వ.

"అల్లుకునే సూదులు అత్తా. దవాఖానల నర్సమ్మ నేర్పింది."

"జరమొస్తే గోలీలిచ్చి పంపుతరు గాని, కూసోపెట్టి అల్లిక నేర్పుతరా?"

సక్కుబాయి కడవ తీసుకుని నీళ్ళకు వెళ్ళిపోయింది. ఆమెది ఆదిలాబాదు. మాట తక్కువ, నవ్వు అంతకన్నా తక్కువ. ఆ రోజునుంచి కనకవ్వ కంటికి నిద్ర పల్చబడింది. పైగా కొడుకు ఆ తర్వాత ఒక్కసారీ ఇల్లు తొక్కలేదు. అడిగితే సెలవు దొరకలేదని ఒకటే మాట.

సక్కుబాయి మొదట అల్లింది ఏమిటో ఆమెకే తెలియదు. ఒక పక్క వెడల్పు, ఒక పక్క సన్నం, నడుమ ముడులు. "మేక నమిలిన గుడ్డ" అని కనకవ్వ పేరు పెట్టింది. కోడలు ఆ మాటకు ఉడుక్కోలేదు. విప్పింది, మళ్ళీ అల్లింది. నెల తిరిగేసరికి అంచులు నిటారుగా నిలిచాయి. రెండో నెలలో జాలీ పట్టుకుంది. పోగును చువ్వ మీద వట్టిగా ఒక చుట్టు తిప్పి, రెండు అల్లిక కన్నులు కలిపి తీసి, కావాలని చిల్లు వదిలేది. ఆ చిల్లులు వరసలుగా పేరి వేపాకు రెమ్మలా కనబడేవి.

కనకవ్వ పుట్టిందీ మెట్టిందీ నేతగాళ్ళ ఇళ్ళలో. గుడ్డలో చిల్లు చూస్తే ఆమె చెయ్యి సూది కోసం వెతికేది.

"నేసెటోళ్ళ ఇంట్ల చిల్లు పడితె పరువు పోయినట్టు. నువ్వు ఏరికోరి చిల్లులు పెడ్తున్నవు."

"గది జాలీ అత్తా. గాలాడ్తది."

"గాలాడనీకె కిటికీ ఉన్నది" అంది కనకవ్వ.

ఆ తర్వాత మేజోళ్ళ మీద పడింది. ఇంకో రెండు చువ్వలు అరగదీసుకుని, నాలుగింటి మీద గుండ్రంగా అల్లుతూ పోతుంటే గొట్టంలా దిగేది. మడమ దగ్గరికి వచ్చేసరికి చువ్వలు జారి, కన్నులు ఊడి, సగం పని నేలపాలయ్యేది. ఆ మడమ మలుపు చేతికి రావడానికి పదిహేను రోజులు పట్టింది. వచ్చిన రోజు సక్కుబాయి తనలో తాను నవ్వుకోవడం కనకవ్వ చూసింది. ఇల్లు అలకగానే పండుగా అనుకుని మూతి తిప్పుకుంది గాని, మడమ దగ్గర ఎక్కడా ముడి లేకుండా తిరిగిన ఆ మలుపును రెండుసార్లు చూడకుండా ఉండలేకపోయింది.

అంతా అయ్యాక సక్కుబాయి ఆ మేజోడును చెంపకు రాసుకుని, గరుకుగా ఉందని మొత్తం విప్పేసింది. అది కనకవ్వ వడికిన నూలు. నా నూలు గరుకా, అని ఆమెకు చురుక్కుమంది. మూడోనాడు కురుమ వాడ నుంచి ఐలవ్వ ఒక గంపెడు బొచ్చు తెచ్చి ఇచ్చింది. గొర్రెపిల్లల మొదటి కత్తిరింపు, వెన్నలా ఉంది.

"మగ్గమున్న ఇంట్లకు గొర్రె బొచ్చు రావద్దు" అని కనకవ్వ గుమ్మంలోనే ఆపేసింది. గంప పశువుల కొట్టంలోకి పోయింది. దాని వెంట సక్కుబాయీ పోయింది. అక్కడే కూర్చుని కదురు తిప్పుతూ బొచ్చు వడికేది. మొదట్లో ఆ పోగు ఒకచోట లావు, ఒకచోట వెంట్రుక. పెసరగింజలు మింగిన వానపాములా ఉందని కనకవ్వ వాడంతా చెప్పి నవ్వించింది. వానాకాలం వచ్చేసరికి నవ్వడానికి ఏమీ మిగల్లేదు. ఉన్ని పోగు ఒకటి, నూలు పోగు ఒకటి పెనవేసి సక్కుబాయి చేసిన ఉండను, కోడలు చెరువుకు పోయినప్పుడు కనకవ్వ కొట్టంలోకి వెళ్ళి పట్టుకుంది. నలిపింది, పురి విప్పింది, పళ్ళతో లాగింది. తెగలేదు. ఆమెకు సంతోషం వేసింది, వెంటనే ఆ సంతోషం మీదే కోపం వచ్చింది.

కాళ్ళకు చెప్పుల్లేని ఇంట్లో ఇంత మెత్తని మేజోళ్ళు ఎవరికి?

ఒకనాడు కోడలి బుట్టలో మేజోళ్ళ జోడు దొరికింది. కనకవ్వ రెండూ పక్కపక్కన పరిచింది. కుడికాలిది జానెడు మీద నాలుగు వేళ్ళు. ఎడమది జానెడు మీద రెండే. పైగా ఎడమదానికి మాత్రమే ముందు భాగంలో జాలీ ఉంది, కుడిదానికి లేదు. చేయి తిరగని పని అనుకుని వదిలేసింది. నెల పోయాక ఇంకో జోడు చూసింది. మళ్ళీ అదే రెండు వేళ్ళ తేడా, అదే జాలీ. ధోవతుల జోడులో అంగుళం తేడా వస్తే తలెత్తుకోలేని ఇంట్లో పెరిగిన మనిషి ఆమె. ఒకసారి వస్తే అది చేతి తప్పు, రెండుసార్లు అదే వస్తే మనసులో ఏదో ఉన్నట్టు.

"ఎవరికే గివి?" అని కోడలి ముందు జోడు విసిరింది.

"నీ కొడుక్కే అత్తా."

"నా కొడుక్కా? రా ఇట్ల."

చెయ్యి పట్టి మగ్గం దగ్గరికి లాక్కుపోయింది. గుంటలోకి దిగి, కాళ్ళతో తొక్కే పలకల మీది దుమ్ము కొంగుతో తుడిచింది. ఏళ్ళ తరబడి ముత్యం తొక్కిన చోట కర్ర అరిగి, రెండు పాదాల అచ్చులు నున్నగా మెరుస్తున్నాయి. కుడి మేజోడు కుడి అచ్చు మీద పెట్టింది, సరిగ్గా అతికినట్టుంది. ఎడమది ఎడమ అచ్చు మీద పెట్టింది. వేళ్ళ దగ్గర రెండు వేళ్ళ మేర కర్ర ఖాళీగా కనబడింది.

"నా కడుపుల పుట్టినోని కాలు నాకు తెల్వదా? చెప్పు, ఎవనిదీ కొలత?"

సక్కుబాయి ఆ ఖాళీ జాగా వంక చూసింది. ఆమె కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "ఆయన్నే అడుగు అత్తా. నా నోట చెప్పిపియ్యకు. ఒట్టేసిన" అని కొట్టంలోకి వెళ్ళిపోయింది.

ఒట్టేసిందంటే దాచేది ఉన్నట్టే గదా! ఆ వాడలో కాళ్ళకు బూట్లున్న మగవాళ్ళు ఎవరెవరా అని కనకవ్వ లెక్కతీసింది. ఎక్కువసేపు పట్టలేదు. ఒక్కడే తేలాడు. కైలాసం. వాడూ మందమర్రిలోనే పని, ముత్యం ఈడువాడు, ఇంకా పెళ్ళి కాలేదు. ఆదివారం ఆదివారం ఊరికొచ్చేవాడు. బాయి బూట్లు వేసుకుని వాడంతా టకటకమంటూ తిరిగేవాడు. వచ్చిన ప్రతిసారీ కనకవ్వ ఇంటికొచ్చి, ముత్యం బాగున్నాడని చెప్పి, సక్కుబాయి ఇచ్చే కాగితం పొట్లం సంచీలో వేసుకుపోయేవాడు.

"ఎట్లున్నడురా నా కొడుకు? ఎందుకొస్తలేడు?" అని అడిగితే వాడు నేల చూపులు చూసేవాడు. "మంచిగున్నడు పెద్దవ్వా, ఫికర్ జెయ్యకు. డూటీ ఎక్కువున్నది" అనేవాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుండేది వాడి వాలకం.

మరుసటి ఆదివారం వాడు బూట్లు గడప బయట విడిచి లోపల మంచినీళ్ళు తాగుతుంటే, కనకవ్వ ఒక చీపురుపుల్ల బూటులోకి దూర్చి, మడమ దగ్గర తుంచి, జానతో కొలిచింది. జానెడు మీద రెండు వేళ్ళు. కైలాసం పొట్టివాడు, పాదమూ చిన్నదే. అదే సమయానికి లోపలినుంచి గుసగుసగా మాటలు వినబడ్డాయి.

"పోయినది వదులైందా?" అంటోంది సక్కుబాయి.

"జర వదులే వదినా. గీసారి బిగువుగ అల్లు."

ఇంకేం కావాలి? ఒకటి మొగుడి పేరుమీద, ఒకటి వీడి కొలతకు! ఒంటి మేజోడు వేసుకుని ఎవడు తిరుగుతాడన్న ప్రశ్న కనకవ్వకు రాలేదు. అనుమానం ముదిరితే లెక్క దానంతటదే కుదురుతుంది.

వారమంతా కోడలితో మాట్లాడలేదు. శనివారం పొద్దున్నే కులపెద్ద సిద్దిరాములు ఇంటికి పోయి చెప్పేసింది. "సోమారం దీపాల యాళ్ళకు మా అరుగు మీద కూసోండ్రి. కోడల్ని ఆదిలాబాదు పంపిచ్చుడే." సిద్దిరాములు గడ్డం గోక్కుని, "రుజువున్నదా? ఒకసారి పదిమందిల మాటొస్తే ఆ పిల్ల బతుకు మల్ల సక్కగ గాదు, సోంచాయించుకో" అన్నాడు. "రుజువు నా కొంగున కట్టుకొస్త. నా కొడుకునూ ఎంట తెస్త" అంది కనకవ్వ. ఇంటికొచ్చి, బుట్టలో కొత్తగా పూర్తయిన జోడులోంచి ఎడమదాన్ని తీసి కొంగున ముడేసుకుంది. పెద్దల ముందు కోడలిని ఏమేమి అడగాలో పొయ్యి దగ్గర కూర్చుని వల్లెవేసుకుంది.

ఆదివారం సక్కుబాయి ఇల్లంతా గాలించింది. బుట్ట బోర్లించింది, గడ్డి లేపింది, బియ్యం కుండలో కూడా చెయ్యి పెట్టింది. కనకవ్వ రాట్నం ముందు కదలకుండా కూర్చుంది. మధ్యాహ్నం కైలాసం వస్తే వాడి చేతికి ఒంటి మేజోడు ఇచ్చి, ఏదో చెప్పి, మొహం కొంగులో దాచుకుని ఏడ్చింది. ఆ ఏడుపు చూసి కనకవ్వకు ఒక్క క్షణం మనసు ఊగింది. ఆ వెంటనే, మిండని ముందు ఏడుస్తోంది చూడు అని పళ్ళు కొరికింది. సోమవారం దీపాల వేళకు పెద్దలు వస్తారన్న సంగతి కూడా కోడలి చెవిన వేసింది. సక్కుబాయి బట్టలు మూట కట్టుకుని, చువ్వలు తీసి, పోయినదాని బదులు ఇంకో ఎడమ మేజోడు మొదలుపెట్టింది.

సోమవారం పొద్దుటి ప్యాసింజరులో కైలాసం ఎక్కాడు. వాడి వెనకే పోయి కొడుకును తెద్దామని ఆడవాళ్ళ డబ్బాలో కనకవ్వ ఎక్కింది. ప్రతి స్టేషనులోనూ తల బయటపెట్టి ఆ బూట్లు దిగాయేమోనని చూసింది. గోదారి వంతెన మీద దణ్ణం పెట్టుకోవడం కూడా మరిచిపోయింది.

మందమర్రిలో నేల నల్లగా ఉంది, చెట్ల ఆకుల మీద కూడా మసి. కైలాసం తన గుడిసెకు పోలేదు. బాయి దగ్గర దీపాలు పంచే రేకుల గది ఒకటి ఉంటే అటు నడిచాడు. కనకవ్వ బొగ్గు కుప్ప చాటున ఆగింది. ఆ గది మెట్టు మీద ఒక మనిషి కూర్చుని దీపం తుడుస్తున్నాడు. ముత్యం! చిక్కిపోయాడు. కైలాసం పొట్లం ఇచ్చాడు. ముత్యం విప్పి ఇటూ అటూ తిప్పాడు.

"ఎడమది ఏదిరా? పాతది చినిగిపాయె."

"దొరకలేదట. మల్లొక్కటి అల్లుతుంది. పై వారం దాక గుడ్డనే చుట్టుకొమ్మన్నది."

ముత్యం ఎడమ బూటు విప్పాడు. లోపల రక్తపు మరకల పాత గుడ్డ, దాన్ని ఒక్కో చుట్టూ విప్పాడు. పాదం బయటపడింది. అందులో వేళ్ళు లేవు. ఒక్కటి కూడా లేదు. పాదం చివర ఎర్రని మచ్చ అడ్డంగా పాకి ఉంది.

కనకవ్వ కాళ్ళు తమంతట తామే నడిచాయి. ఎప్పుడు వాడి ముందు కూలబడిందో ఆమెకే తెలియలేదు.

"అవ్వా!" అని ముత్యం ఉలిక్కిపడి పాదాన్ని కండువా కింద దాచబోయాడు. కనకవ్వ ఆ చెయ్యి తోసేసి, పాదాన్ని ఒళ్ళోకి తీసుకుంది. కొంగు ముడి విప్పింది. మేజోడు తీసి, బొటనవేళ్ళతో నోరు విడదీసి, మెల్లగా ఎక్కించింది. మడమ మలుపు మడమకు అంటుకుంది. చివర అణువంత ఖాళీ లేదు, అణువంత ఒరిపిడీ లేదు. ఆ జాలీ చిల్లులు సరిగ్గా ఎర్రని మచ్చ మీద వచ్చి కూర్చున్నాయి. గాలాడతదని కోడలు చెప్పిన మాట ఆమెకు ఇప్పుడు వినబడింది.

"ఎన్నడురా?"

"చలికాలంలనే. పట్టాల మీది బొగ్గు డబ్బా కాలిమీదికెల్లి పోయింది. నలభై దినాలు దవాఖానల ఉన్న. గాలి తగలాలె, మెత్తగుండాలె అని నర్సమ్మ చెప్తే సక్కు మంచం పక్కన కూసోని అల్లిక నేర్చుకున్నది" అన్నాడు ముత్యం. "సక్కు చెప్పిందా నీకు?" అని అడిగాడు.

"చెప్పలే. ఎంత తిట్టినా చెప్పలే. పంచాయతీ పెడ్త అన్నా చెప్పలే." కనకవ్వ ఆ పాదాన్ని రెండు చేతులా పట్టుకుంది. "తల్లినిరా, నాకెందుకు చెప్పలేదు నువ్వు?"

"బాయిల దుంకుత అంటివి గద అవ్వా" అన్నాడు ముత్యం. అందులో నిష్ఠూరం ఏమీ లేదు. అదే ఆమెను ఎక్కువగా కోసింది.

ముత్యం తానూ వస్తానని లేచాడు. కనకవ్వ కూర్చోబెట్టింది. "రావాలె, ఆదివారం రా. గియ్యాల మాట్లాడాల్సింది నేను" అని తిరుగు బండి ఎక్కింది.

దీపాలు పెట్టే వేళకు ఇంటికి చేరింది. అరుగు మీద సిద్దిరాములు, మరో నలుగురు పెద్దలు కూర్చున్నారు. గోడవారగా సక్కుబాయి నిలబడి ఉంది. కాళ్ళ దగ్గర బట్టల మూట, చేతుల్లో చువ్వలు. ఆ నిలబడ్డ చోటే సగం పూర్తయిన ఎడమ మేజోడు అల్లుతోంది. చూపుడువేలి చర్మం లేచి ఎర్రగా ఉంది.

"ఏమైందవ్వా? దొరికిండా ఆ మనిషి?" అన్నాడు సిద్దిరాములు.

"దొరికిండు" అంది కనకవ్వ. "నా కడుపుల పుట్టినోడే."

కూర్చున్నవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. ఆమె అరుగెక్కలేదు. కిందే నిలబడి, కొడుక్కు జరిగింది, తాను కొలిచింది, దాచింది, అన్నీ దాపరికం లేకుండా చెప్పింది. "తప్పు ఎవలదో తేల్చనీకె మిమ్ముల పిలిచిన. తేలింది. నాది. ఏం దండుగ పెడ్తరో పెట్టుండ్రి" అంది. సిద్దిరాములు కండువా దులుపుకుని లేచాడు. తక్కినవాళ్ళూ లేచారు.

సక్కుబాయి అత్త వంక చూడలేదు. "ఎడమది ముట్టిందా?" అని మాత్రం అడిగింది.

"ముట్టింది బిడ్డా. నేనే తొడిగిన. సరిగ్గొచ్చింది."

అప్పుడు సక్కుబాయి గోడకు జారగిలబడి కూర్చుని ఏడ్చింది. ఏడు నెలలుగా దాచుకున్న ఏడుపు. కనకవ్వకు దగ్గరికి పోయే ముఖం లేకపోయింది. కొట్టంలోకి వెళ్ళి ఐలవ్వ ఇచ్చిన బొచ్చు గంపను నెత్తికెత్తుకుని వచ్చింది. గడప దాటించి, మగ్గం పక్కన, తన రాట్నం ముందు దించింది. గుప్పెడు ఉన్ని తీసి వడకబోతే పోగు రెండుసార్లు తెగింది. పత్తికి అలవాటైన చేతులు అవి.

"జర చూపియ్యి బిడ్డా" అంది.

సక్కుబాయి చేతిలోని అల్లిక వరస చివరిదాకా పూర్తిచేసింది. తర్వాత కళ్ళు తుడుచుకుని వచ్చి, ఆమె పక్కన కూర్చుంది.